సువార్తమ్మ గారు ఆ రోజు వచ్చారు

చాలా ఏళ్లుగా నా గొంతులో ఒక మాట అడ్డం పడి ఉంది. చిన్న మాట. "వచ్చారు" అని. ఒక సాయంత్రం ఫోన్‌లో ఆ మాట అనవలసిన చోట "రాలేదు" అన్నాను. అప్పటినుంచి అది మింగుడు పడలేదు, బయటికీ రాలేదు. దాన్ని అలాగే గొంతులో పెట్టుకుని వేదికలెక్కాను, మైకుల ముందు మాట్లాడాను, ఎన్నికల్లో గెలిచాను, మళ్లీ గెలిచాను. నా గొంతులో నిజాయితీ వినిపిస్తుందని జనం అనేవారు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనివ్వను. కెనడాలో, ఆల్బర్టాలో ఒక నగరం, అంతవరకే చెబుతాను. ఇది పిరికితనమా? పిరికితనమే. కానీ నా నోటితో చెప్పవలసిన మనిషికి చెప్పేశాను. ఆ సంగతి తర్వాత వస్తుంది. మీకు రాస్తున్నది వేరే కారణానికి. నా జ్ఞాపకశక్తి దెబ్బతింటోంది. డాక్టరు ఆ మాట చాలా మెత్తగా చెప్పింది. మరిచిపోతానని కాదు నా భయం. మరిచిపోతే బాగుండునని ఎన్ని చలికాలాలు కోరుకున్నానో! భయం ఇంకొకటి. ఆ సాయంత్రం నా తలలో మెల్లగా మారిపోతోంది. ఈ మధ్య నేను తలుపు తీసినట్టు గుర్తొస్తోంది.

తియ్యలేదు. అది పూర్తిగా మారిపోకముందే రాసి పెట్టాలి.

రాజకీయాల్లోకి రాకముందు నేను కిరాణా వ్యాపారిని. అప్పట్లో మా నగరంలో తెలుగువాళ్లు తక్కువ. కందిపప్పు ఒకచోట, ఎండుచేపలు ఇంకోచోట వెతుక్కోవాలి, గోంగూర మాట మరిచిపోవాలి. గోదాములో పెట్టెలు మోసే ఉద్యోగం మానేసి, ఒకే వరుసలో దుకాణాలుండే ఒక స్ట్రిప్ మాల్‌లో చివరి గది అద్దెకు తీసుకుని దుకాణం పెట్టాను. చివరి గది కాబట్టి పక్కగోడ దాటితే పార్కింగ్. పార్కింగ్ వెనక చెట్లు. చెట్ల వెనక లోయ. ఇక్కడ నగరం మధ్యలోనే అలాంటి లోయలుంటాయి, నది వైపు దిగిపోయే అడవి ముక్కలు. వేసవిలో జనం కుక్కల్ని తిప్పుతారు. మంచు పడ్డాక దిగేవాళ్లు తక్కువ.

వ్యాపారం నాకు బాగా అబ్బింది. ఏ ఇంట్లో ఎవరికి ఏ బియ్యం పడతాయో, ఎవరి అత్తగారు వచ్చారో, ఎవరికి ఉద్యోగం పోయిందో బుట్టలో సామాను చూసి చెప్పగలిగేవాణ్ణి. దుకాణంలో "లేదు" అనే మాట వాడేవాణ్ణి కాను. "శుక్రవారం వస్తుందండీ" అనేవాణ్ణి. మనిషి నవ్వుతూ బయటికెళ్లాలి, అంతే. తర్వాత కౌన్సిలర్‌గా పనికొచ్చింది కూడా ఇదే విద్య. ఇప్పుడు ఆలోచిస్తే నాకు వేరే విద్య ఏదీ లేదు.

సువార్తమ్మ గారు మా దుకాణానికి రెండు వీధుల అవతల ఉండేవారు. కోస్తాలో ఒక మిషన్ ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరై, కూతురు మెర్సీ దగ్గరికి వచ్చారు. భర్త ఎప్పుడో పోయారు. తెల్లటి నేత చీర, దాని మీద మెర్సీ కొనిచ్చిన నీలం కోటు, కాళ్లకు పెద్ద బూట్లు. మొదట్లో చాలా చురుకైన మనిషి. ఒకసారి డబ్బా మూత కోసుకుని నా వేలు తెగితే, కౌంటర్ లోపలికొచ్చేసి, నన్ను కూర్చోబెట్టి కట్టు కట్టారు. "ఏంటి బాబూ, ఇంత చిన్నదానికి కళ్లు తిరుగుతున్నాయా?" అని నవ్వారు.

తర్వాత ఆవిడకు మతి తప్పడం మొదలైంది. మెర్సీ మందుల షాపులో ఫార్మసిస్టు, పగలంతా డ్యూటీ. ఆవిడ ఇంట్లో ఉండలేక బయటికొచ్చేసేవారు. కాళ్లు వాటంతటవే మా దుకాణానికి తీసుకొచ్చేవి. హీటర్ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, మెర్సీకి ఫోన్ చేసేవాణ్ణి. తను వచ్చేదాకా గంట పట్టేది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఈలోపు చెప్పిందే చెప్పేవారు. చిన్నప్పుడు పోయిన తమ్ముడొకడు ఉండేవాడట. మతి తప్పిన రోజుల్లో నన్ను వాడే అనుకునేవారు. "ఏరా తమ్ముడూ, అన్నం తిన్నావా?" అని పది మంది ముందు నా తల నిమిరేవారు. కొనడానికి వచ్చినవాళ్లు ఇబ్బందిగా నవ్వేవారు. నాకూ మొదట్లో ముద్దుగానే ఉండేది. తర్వాత విసుగొచ్చింది. ఆ విసుగును ఎవరికీ కనపడనివ్వలేదు. అదీ ఒక విద్యే.

ఆ సాయంత్రం కమ్యూనిటీ హాల్లో మీటింగు. మా వార్డు నుంచి సిటీ కౌన్సిల్‌కి మనవాళ్లలో ఒకరు నిలబడాలని పెద్దలు అనుకుంటున్నారు. నా పేరు వినిపిస్తోంది. ఇంటికెళ్లి, ఒంటికి పట్టిన ఇంగువ వాసన, చేపల వాసన పోయేలా స్నానం చేసి, సూటు వేసుకుని వెళ్లాలి. మంచు అడ్డంగా కురుస్తోంది. ఐదింటికే చీకటి. మూయవలసిన వేళకన్నా కాస్త ముందే తలుపుకి గడియ పెట్టి, ముందు వైపు లైట్లు ఆర్పేసి, లోపల బూట్లు వేసుకుంటున్నాను.

అప్పుడు తలుపు అద్దం మీద చప్పుడైంది.

వేళ్లతో కొట్టిన చప్పుడు కాదు. అరచేత్తో తట్టిన చప్పుడు. తలెత్తి చూశాను. రెండు అరచేతులూ అద్దానికి ఆనించి, వాటి మధ్య ముఖం పెట్టి ఆవిడ లోపలికి చూస్తున్నారు. చేతులకు గ్లవ్స్ లేవు. తలకు వంటింటి తువ్వాలు చుట్టుకున్నారు, పసుపు గళ్లది. ఆవిడ ఊపిరికి అద్దం మీద ఒక తెల్లటి మచ్చ పెరుగుతోంది, తగ్గుతోంది, పెరుగుతోంది.

నేను లేచి తలుపు దగ్గరికి వెళ్లాలి కదా. వెళ్లలేదు. బియ్యం బస్తాల వెనక్కి వంగి కూర్చున్నాను.

ఎందుకు? ఈ ప్రశ్న ఎన్నిసార్లు వేసుకున్నానో. చెడ్డ ఉద్దేశం ఏమైనా ఉందా? లేదు. చెడ్డ ఉద్దేశం ఉండి ఉంటే బహుశా నాకు నన్ను అర్థం చేసుకోవడం తేలికయ్యేది. నాకు తోచింది ఇంతే: తలుపు తీస్తే గంట పోతుంది, స్నానానికి టైముండదు, ఆ వాసనతోనే హాలుకి వెళ్లాలి. కాసేపు ఉంటే ఆవిడే ఇంటికి వెళ్లిపోతారు. రెండు వీధులే కదా. ఒక మనిషి ప్రాణానికి ఎదురుగా తూకంలో నేను పెట్టింది ఇంగువ వాసన.

"తమ్ముడూ," అన్నారు ఆవిడ. అద్దం అవతల నుంచి గొంతు చాలా దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది. "తలుపు తియ్యరా. చలేస్తోంది."

మోకాళ్లు నొప్పి పుట్టేదాకా అలాగే కూర్చున్నాను. చప్పుడు ఆగింది. కాసేపాగి వెనక తలుపులోంచి బయటికొచ్చాను. పక్కగోడ వెంబడి ఆవిడ అడుగులు కనిపించాయి, ఇంకా తాజాగా. ఇంటి వైపు కాదు. పార్కింగ్ దాటి, చెట్ల వైపు. ఆ అడుగుల్ని చూశాను. అవి ఎటు వెళ్తున్నాయో చూశాను. "ఆంటీ!" అని ఒక్క కేక వేస్తే వినిపించేది. కారెక్కాను.

ఇంట్లో నా భార్య వసుంధర నా చొక్కా ఇస్త్రీ చేస్తోంది. "ఇంతసేపైందేం?" అంది. మంచు అన్నాను. స్నానం చేసి వచ్చేసరికి ఫోన్ మోగింది.

"అంకుల్, అమ్మ మీ స్టోర్‌కి వచ్చిందా? నేను షిఫ్ట్ అయ్యి ఇంటికొచ్చా, డోర్ తీసి ఉంది, అమ్మ లేదు."

"లేదమ్మా. ఈ రోజు రాలేదు."

"అస్సలు రాలేదా? ఒక్కసారి గుర్తు చేసుకోండి అంకుల్, ప్లీజ్."

"మంచు ఎక్కువైందని నాలుగింటికే కట్టేశానమ్మా. నేనున్నంతసేపూ రాలేదు."

"మరి ఎటు వెళ్లుంటుంది?"

"చర్చి వైపు చూడండి. ఎప్పుడూ చర్చికి వెళ్దామంటుంటారు కదా."

మొదటి అబద్ధం నోటికి దానంతటదే వచ్చింది, విసుగు దాచుకునే అలవాటులోంచి. రెండోది దాన్ని నిలబెట్టడానికి. మూడోది? చర్చి మా దుకాణానికి పూర్తిగా అవతలి దిక్కు. అది ఎందుకన్నాను? వచ్చారని ఒప్పుకుంటే తలుపు ఎందుకు తియ్యలేదో చెప్పాలి. లోయ వైపు చూడమంటే ఎలా తెలుసో చెప్పాలి. అంతకన్నా లోతైన కారణం నాకు దొరకలేదు, అంత వెతికినా.

ఫోన్ పెట్టేసి తిరిగాను. వసుంధర చేతిలో ఇస్త్రీ పెట్టె ఆగిపోయి ఉంది. చొక్కా కాలర్ మీద కమిలిన వాసన. నాలుగింటికి దుకాణం మూసినవాణ్ణి ఇంటికి ఎప్పుడొచ్చానో ఆమెకు తెలుసు. నా వంక చూసింది. ఇంకో చొక్కా తీసింది.

హాలుకి వెళ్లాను. సువార్తమ్మ గారు కనిపించడం లేదన్న వార్త అప్పటికే అక్కడ చేరింది. నేను వేదిక ఎక్కి, "మీటింగు సంగతి తర్వాత చూసుకుందాం. మనింటి పెద్దావిడ ఒకరు ఈ మంచులో తప్పిపోయారు. కోట్లు వేసుకోండి, పదండి," అన్నాను. హాలు మొత్తం ఒక్కసారి లేచింది. నా జీవితంలో మొదటి రాజకీయ ఉపన్యాసం అదే. అంత మంచి ఉపన్యాసం మళ్లీ ఇవ్వలేదు. జట్లు కట్టాను, టార్చిలైట్లు పంచాను, చర్చి చుట్టుపక్కల వీధులన్నీ గాలించమన్నాను. పోలీసులు అడిగితే వాళ్లకూ అదే చెప్పాను. జనమంతా ఆవిడ పేరు పిలుస్తూ తూర్పుకి నడిచారు. ఆవిడ పడమట ఉన్నారు. నాకు తెలుసు.

ఒక్కణ్ణే లోయ వైపు వెళ్లి వెతుకుదామని రెండుమూడుసార్లు అనుకున్నాను. ఎటు తిరిగినా నా వెంట నలుగురుండేవారు, ఇంకేం చెయ్యమంటారని అడుగుతూ. అది సాకేనా? కావచ్చు. కాసేపయ్యాక ఎలాగో తప్పించుకుని దుకాణం దగ్గరికి కారు పోనిచ్చాను. అడుగులు కప్పుకుపోయాయి. చెట్ల అంచున నిలబడి చెవులు రిక్కించాను. మంచు పడేటప్పుడు లోకమంతా దూది కూరినట్టు ఉంటుంది, మీకు తెలిసే ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో ఎవరో పాట పాడుతున్నట్టు వినిపించింది. సన్నగా, తెలుగులో. లోయలోకి ఒక్క అడుగు కూడా వెయ్యలేదు. అది చెవుల్లో గాలి అని చెప్పుకుని కారు తిప్పేశాను.

పొద్దున కుక్కతో నడుస్తున్న ఒకాయనకు కనిపించారు. చెట్టుకి ఆనుకుని కూర్చుని ఉన్నారట. కోటు విప్పి, మడత పెట్టి పక్కన పెట్టుకున్నారు. బూట్లు జతగా విప్పి పెట్టారు. చలికి పోయేముందు కొందరికి ఒళ్లంతా వేడెక్కినట్టు ఉంటుందట, బట్టలు విప్పేస్తారట, డాక్టర్లు చెప్పారు. కారణం అదే కావచ్చు. కానీ ఎవరింటికో వచ్చి, లోపలికి పిలిస్తే వెళ్లి, కుదురుగా కూర్చున్న మనిషిలా ఉన్నారని చూసినాయన అన్నాడు. చాలాసేపు బతికే ఉన్నారని కూడా తేలింది. ఆ మాట నాకు చెప్పింది మెర్సీయే. నా భుజం మీద తల పెట్టుకుని చెప్పింది.

ఆ తర్వాత కథ పైకి చాలా బాగుంటుంది. ఆ వెతుకులాటలో నన్ను టీవీ వాళ్లు చూపించారు. కళ్లు ఎర్రబడి, గడ్డానికి మంచు అంటుకుని ఉన్నాను. ఎన్నికల్లో నా ప్రచారమంతా ఒకటే మాట, మన పెద్దలు చలిలో ఒంటరిగా ఉండకూడదని. మెర్సీ తనంతట తానే వాళ్లమ్మ ఫోటో ఇచ్చింది. కరపత్రం మీద ఆవిడ ముఖం, పక్కనే నా ముఖం. గెలిచాను. గెలిచాక నిజంగానే పనిచేశాను. చలి ముదిరిన రోజుల్లో ఒంటరి వృద్ధుల తలుపులు తట్టి పలకరించే వాలంటీర్లను పెట్టించాను. దానివల్ల కొందరు బతికారు. వాళ్ల పిల్లలు నా చేతులు పట్టుకుని ఏడ్చారు. అది లెక్కలోకి వస్తుందా? ఒకప్పుడు వస్తుందనుకున్నాను. ఆ పని చేసింది పశ్చాత్తాపంతోనా, ఓట్ల కోసమా, అదీ ఇప్పుడు చెప్పలేను. రెండూ ఒకే నోటితో మాట్లాడేవి.

మరుసటి ఏడు మొదటి గట్టి చలికి, పొద్దున్నే దుకాణం తెరవబోతే తలుపు అద్దం మీద మంచు పొర పేరుకుని ఉంది. దాని మధ్యలో రెండు అరచేతులు. వేళ్లు విడివిడిగా, స్పష్టంగా. వాటి మధ్య గుండ్రటి మచ్చ. వసుంధర నా వెనకే ఉంది. చాలాసేపు చూసి, "ఆడమనిషి చేతులు," అంది. ఆ రోజు నుంచి ఆమె దుకాణం ముందు తలుపులోంచి లోపలికి రాలేదు. దుకాణం అమ్మేదాకా వెనక తలుపే వాడింది. ఆమెతో అన్ని ఏళ్లు కాపురం చేశాను. మా మధ్య ఆ ఇస్త్రీ పెట్టె అలాగే ఆగిపోయి ఉంది.

వెనిగర్‌తో కడిగాను. మళ్లీ చలి రాగానే వచ్చాయి. అద్దం మార్చేవాణ్ణి పిలిస్తే, చేతి జిడ్డు అద్దానికి పడితే ఒక పట్టాన వదలదని, మంచు అక్కడే పట్టుకుంటుందని చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. కొత్త అద్దం వేయించాను. గుర్తులు పోయాయి. కొన్నేళ్లకు కౌన్సిల్ పని ఎక్కువై దుకాణం అమ్మేశాను. కొన్నావిడ అక్కడ బ్యూటీ పార్లర్ పెట్టింది. ఒక చలికాలం ఆవిడ ఫోన్ చేసి, "తలుపు మీద చేతి గుర్తులు ఎంత తుడిచినా పోవట్లేదండీ, మీరేం వాడేవారు?" అని అడిగింది. బయట జిడ్డు పట్టుంటుంది, వెనిగర్ వెయ్యండి అన్నాను.

"బయట కాదండీ," అంది. "లోపలి వైపు."

నేను కల్పించి రాయడం లేదు. దాని అర్థమేమిటో నాకు తెలియదు. ఎవరో కస్టమర్ చేతులే కావచ్చు. ఆ వీధిలోకి మళ్లీ వెళ్లలేదు.

ఇక్కడ రాజకీయమంటే తలుపులు తట్టడం. ఎన్నికలొస్తే ఇంటింటికీ నడిచి తలుపు తట్టాలి. మీరు ఎప్పుడైనా తట్టారా? లోపల మనుషులుండి తియ్యకపోతే తెలిసిపోతుంది. ఒక ఇంటి ముందు బెల్లు కొట్టగానే లోపల లైటు ఆరింది. తలుపు పక్కన గరుకు అద్దంలోంచి, ఒక ఆకారం మెల్లగా కిందికి వంగడం కనిపించింది. ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. నేను చెయ్యెత్తి మళ్లీ తట్టబోయి, నా అరచెయ్యి అద్దానికి ఆని ఉండటం చూసుకున్నాను. ఎప్పుడు ఆనించానో తెలియదు. నాతో వచ్చిన వాలంటీరు అమ్మాయి, "అంకుల్, ఆర్ యూ ఓకే?" అంది. మెట్ల మీద కూర్చుండిపోయాను. లోపలున్న మనిషికి మోకాళ్లు ఎక్కడ నొప్పి పుడతాయో నాకు తెలుసు.

తర్వాత పదవి వదిలేశాను. వసుంధర పోయింది. తల మసకబారడం మొదలైంది. అప్పటినుంచే జ్ఞాపకం మారుతోంది. మొదట చిన్నగా. బస్తాల వెనక కూర్చున్నవాణ్ణి లేచినట్టు. తర్వాత గడియ తీసిన చప్పుడు. ఇప్పుడైతే సువార్తమ్మ గారు లోపలికొచ్చి హీటర్ పక్కన కూర్చుంటారు. టీ ఇస్తాను. రెండు చేతులతో గ్లాసు పట్టుకుంటారు. "మంచి పని చేశావురా," అంటారు. ఎంత హాయిగా ఉంటుందో. కానీ హీటర్ పక్కనే కూర్చున్నా ఆవిడ జుట్టు మీది మంచు కరగదు. అది చూసి ఇది నిజం కాదని గుర్తుపడతాను. ఏదో ఒక రోజు ఆ మంచు కూడా కరిగిపోతుంది. ఆ రోజు నుంచి నేను నిర్దోషిని. నా అంతట నేను, ఎవరినీ అడక్కుండా, నిర్దోషినైపోతాను. అంతకన్నా ఘోరం నాకు తోచలేదు.

అందుకే మెర్సీకి చెప్పాను.

మెర్సీకి ఇప్పుడు జుట్టు నెరిసింది. నేను ఒంటరివాణ్ణి అయ్యాక ప్రతి ఆదివారం చర్చి అవగానే వచ్చేది. ఫ్రిజ్ సర్దేది, మందులు డబ్బాలో వేసేది, కూరలు తెచ్చేది. వద్దమ్మా అంటే, "అమ్మకి చేయలేకపోయా కదా అంకుల్, మీకు చేస్తా," అనేది. ఆ మాట అన్నప్పుడల్లా నేను తల వంచుకునేవాణ్ణి. వినయం అనుకునేది.

ఆ ఆదివారం చేపల పులుసు తెచ్చింది. స్టవ్ దగ్గర నిలబడి అన్నం పెడుతోంది. కిటికీలోంచి మంచు మీది ఎండ కళ్లలో పడుతోంది.

"మెర్సీ, అమ్మగారు ఆ రోజు వచ్చారు."

"ఏ రోజు అంకుల్?"

"తప్పిపోయిన రోజు. షాపుకి వచ్చారు. నేను లోపలే ఉన్నాను. తలుపు తియ్యలేదు."

ఆమె వచ్చి నా పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "లేదు అంకుల్. మీరు కన్‌ఫ్యూజ్ అవుతున్నారు. డాక్టర్ చెప్పారు కదా, ఇలా అనిపిస్తుందని. మీరు ఆ రోజు అంతసేపు వెతికారు."

ఇదొకటి నేను ఊహించలేదు. ఇన్నేళ్లూ నా అబద్ధాన్ని నమ్మారు. ఇప్పుడు నిజం చెబితే జబ్బు అంటున్నారు. ఆగిపోవచ్చు. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది. అవునమ్మా, కలగన్నట్టున్నాను అంటే చాలు. ఒక్క క్షణం ఆ మాట నాలుక చివరికి వచ్చింది కూడా.

"తలకు వంటింటి తువ్వాలు కట్టుకున్నారు," అన్నాను. "పసుపు గళ్లది."

నా చేతిలో ఆమె చెయ్యి బిగుసుకుంది. ఆ తువ్వాలు మడత పెట్టిన కోటు జేబులో దొరికిందట. పోలీసులు తనకిచ్చారు. తను ఎవరికీ చెప్పలేదు, ఎవరికీ చూపించలేదు. ఆమె మెల్లగా తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అమ్మ మిమ్మల్ని చూసిందా?"

ఇది నేను నాకు కూడా చెప్పుకోని సంగతి. ఆవిడకు కనపడలేదనే అనుకుంటూ బతికాను. లైట్లు ఆరి ఉన్నాయి, బస్తాల వెనక ఉన్నాను, ఎలా కనిపిస్తాను? కానీ ఆమె అడిగింది కాబట్టి చెప్పాను, మీరు అడగకపోయినా మీకూ చెబుతున్నాను.

"చూశారు. సరిగ్గా నా వంకే చూశారు."

"ఏమైనా అందా?"

"'సర్లేరా. నీకు పనుంది కదా, పని చూసుకో. నేను వెళ్తాలే,' అన్నారు. కోపంగా అనలేదు. నవ్వారు. తర్వాత వెళ్లారు."

మెర్సీ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఎటు?" అంది. పార్కింగ్ దాటి చెట్ల వైపు అని, అడుగులు చూశానని, చర్చి అని కావాలనే చెప్పానని, అన్నీ చెప్పాను. ఆమె వింటూ బల్ల మీది మెతుకొకటి వేలితో నలుపుతూ ఉంది.

"ఇన్నేళ్లు నాతో థాంక్స్ చెప్పించుకున్నారు అంకుల్," అంది చివరికి. "అమ్మ ఫోటో ఇచ్చాను మీకు."

తల వంచుకున్నాను. ఈసారి ఆమె దాన్ని వినయం అనుకోలేదు.

"ఇప్పుడెందుకు చెప్పారు? మీకు తేలికవ్వాలనా?"

కాదని చెప్పాలనిపించింది. నీకు తెలియాలని, న్యాయం అని, ఏవేవో మంచి మాటలు నోట్లో సిద్ధంగా ఉన్నాయి. అవి నాకు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి.

"అవునమ్మా," అన్నాను.

ఆమె లేచి కోటు వేసుకుంది. తన తాళాల గుత్తిలోంచి మా ఇంటి తాళం చెవి తీసింది. ఊడిరాక గోటితో కాసేపు తంటాలు పడింది. బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. తలుపు గట్టిగా వెయ్యలేదు. మామూలుగానే వేసింది.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. ఆమె ఎవరికైనా చెబుతుందా, పోలీసుల దగ్గరికి వెళ్తుందా, నాకు తెలియదు. వెళ్తే మంచిదే. క్షమించమని నేను అడగలేదు. అడిగే హక్కు ఉందని అనుకోను. మీరు కూడా నన్ను క్షమించవద్దు, అది మీ చేతిలో ఉన్నది కాదు.

కానీ ఆ రోజు సంగతి ఇంకొకటి ఉంది. అన్నిటికన్నా అది చెప్పడానికే సిగ్గుగా ఉంది. మెర్సీ కారు వీధి మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గర నిలబడ్డాను. తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాను. భయం వేస్తుందనుకున్నాను, కన్నీళ్లు వస్తాయనుకున్నాను. ఏవీ రాలేదు. ఆకలేసింది. మామూలు ఆకలి కాదు, చిన్నపిల్లలకు వేసే ఆకలి, ఒళ్లంతా వణికించే ఆకలి. నేను ఎన్నో ఏళ్లుగా గంటలు చూసుకుని తింటున్నానే తప్ప నాకు ఆకలి వెయ్యలేదని అప్పుడే తెలిసింది. ఎదురుగా ఆమె వడ్డించిన అన్నం ఉంది, ఆమె వండిన పులుసు ఉంది. ఆ తిండి ముట్టుకునే అర్హత నాకు లేదని నాకు తెలుసు. చెయ్యి కడుక్కున్నాను. ముద్ద కలుపుకున్నాను. గొంతులో ఏదీ అడ్డు రాలేదు. గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నాను.